రోకలిబండలకని మా కొట్లో అమ్మిన పొడి

మొన్న మంగళవారం నాడు కొత్తపేటలో ఒక పురుగుమందుల కొట్టు ముందు, అరవై దాటిన మనిషిని, చేతిలో గుడ్డసంచీ పట్టుకుని, నాకేమాత్రం సంబంధం లేని బేరంలో తలదూర్చి నానా రభసా చేసి వచ్చాను. ఇంటికొచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగినా కోపం దిగలేదు. పక్కవాళ్ళ బేరాల్లో దూరడం నాకు కొత్తేమీ కాదు. బస్సులో నా ముందు సీట్లో వాళ్ళు జామకాయలు బేరమాడుతుంటే, వాళ్ళు ఒప్పుకున్న ధర విని నిద్రలోంచి లేచి కూర్చునే రకం నేను. కానీ మొన్నటిది అలాంటి సరదా బేరం కాదు.

నేను వెళ్ళింది బెండ విత్తనాల పొట్లం కోసం. పొట్లం మీద అచ్చువేసిన ధరలో ఎవరూ పైసా తగ్గించరని తెలిసి కూడా, అలవాటు చొప్పున, తగ్గించమని అడుగుతూ నిలబడ్డాను. ఇంతలో నా పక్కకు ఒక నడివయసు రైతు వచ్చి, సెల్‌ఫోనులో బొమ్మ చూపిస్తూ, గోరుచిక్కుడు గింజలు మొలక తల ఎత్తీ ఎత్తకముందే ఈ పురుగులు కొరికేస్తున్నాయండి అన్నాడు. తొంగిచూశాను. రోకలిబండలు. నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. వానాకాలం పెరట్లో, గోడల వెంట, తడిసిన కట్టెల కింద వందల కాళ్ళతో మెల్లగా కదులుతూ, పుల్లతో తాకితే చాలు చక్రంలా చుట్టుకుపోయి, చేత్తో పట్టుకుంటే వేలికి పసుపుపచ్చని మరకా ఒక ఘాటు వాసనా అంటించి పోయేవి. కొట్టాయన తల కూడా ఎత్తకుండా ఒక పొడి పొట్లం, ఒక సీసా, ఆ రెండూ ఆకుకు అంటుకోవడానికట ఇంకో చిన్న సీసా, మూడూ వరసగా బల్ల మీద పెట్టాడు.

ఉండబట్టలేక, ఏమండీ, ఇది మీ ఇంటి పెరట్లో వేస్తారా అని అడిగాను.

"ఆయ్, వేశామండి. మా ఆవిడ వంగమొక్కలకి పోయిన నెల్లోనే వేసేమండి."

"చచ్చాయా?"

"చావలేదండి. అందుకే ఇప్పుడు వేరే కంపెనీది తెప్పించేమండి. ఇదే అది."

అతను వెటకారం ఆడలేదు, అబద్ధమూ చెప్పలేదు. చాలా మర్యాదగా, నిజంగా నమ్మి చెప్పాడు. నేను ఆ రైతు వైపు తిరిగి, బాబూ, ముందు మడిలో కుళ్ళుతున్న చెత్త తీసెయ్యి, సాయంత్రం నీళ్ళు పెట్టకు, దోసకాయ ముక్కలు కోసి తడిగోనె కింద పెట్టి తెల్లారేసరికి ఎత్తి చూడు, దోసిళ్ళతో దొరుకుతాయి అని చెప్పాను. అతను కూడా చాలా మర్యాదగా "అలాగేనండి పిన్నిగారూ" అని, పొట్లమూ రెండు సీసాలూ సంచిలో వేసుకుని బండెక్కాడు. అప్పుడు నేను వేసిన కేకలకు పక్కనున్న ఎరువుల కొట్టులోంచి కూడా జనం వచ్చారు. ఏమని అరిచానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు గానీ, ఆ అరిచిందంతా ఆ కొట్టాయన్ని కాదని మాత్రం ఇంటికొచ్చాక తెలిసింది. అది నలభై ఏళ్ళ కిందటి కోపం. దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఇన్నాళ్ళూ అక్కడా ఇక్కడా ఖర్చుపెడుతూ వచ్చాను.

మాది అంబాజీపేట. నాన్నగారూ, పెదనాన్నగార్లిద్దరూ ఒకే వీధిలో వరసగా మూడు కొట్లు నడిపేవారు. ఒకరిది కిరాణా, ఒకరిది తాళ్ళూ గోనెలూ, మా నాన్నగారిది విత్తనాలూ పురుగుమందులూ. కొబ్బరి లారీలు లోడవుతుంటే ఆ పీచు దుమ్మంతా వచ్చి మా సరుకుల మీద పడేది. మగపిల్లలు లేని ఇల్లు కావడాన బడి లేని పూటల్లో గల్లాపెట్టె పక్క ముక్కాలిపీట నాది. కొనేవాడి కళ్ళు సరుకు మీదున్నాయా గుమ్మం మీదున్నాయా చూసి ధర చెప్పడం, తగ్గించేముందు ఒకసారి నిట్టూర్చడం, తగ్గించాక నష్టపోయినట్టు మొహం పెట్టడం, ఇవన్నీ నాకు ఎక్కాలకంటే ముందు వచ్చాయి. నాన్నగారు మంచివారు. ఎవరింట్లో పెళ్ళయినా చావయినా ముందుండేవారు, తూకంలో ఏనాడూ తేడా చెయ్యలేదు, దానికి ఊరంతా సాక్ష్యం. ఆ కొట్లో గుమ్మం పక్కన ఒక గోనెబస్తా మూతి విప్పి ఉండేది. దాన్నిండా ఒక బూడిదరంగు పొడి. ఏ పురుగు పేరు చెప్పి వచ్చినా అందులోంచే డబ్బాతో కొలిచి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళం. మాటకొస్తే, పొట్లం కట్టడంలో నా చెయ్యి నాన్నగారి చెయ్యికంటే వాటం.

పెళ్ళయి నేను వెళ్ళింది కొత్తపేట దగ్గర ఒక పల్లెకు. వరి కొంచెం, కొబ్బరి కొంచెం, కొబ్బరి చెట్ల మధ్య ఖాళీలో మా అత్తగారి కూరగాయలు. మామగారు అప్పటికే లేరు. మావారు వరి చూసుకునేవారు గానీ, కూరగాయల జోలికి ఎవరినీ రానిచ్చేవారు కాదు అత్తగారు. కంద, బీర, ఆనప, వంగ అన్నీ ఉన్నా ఆవిడ ప్రాణమంతా ఒక చిక్కుడు మీద ఉండేది. పెరటి వెనక పెద్ద పందిరికి పాకే తీగచిక్కుడు, కాయ అంచున ఎర్రటి గీత, లోపలి గింజ నల్లగా ఉండి ఒక పక్క తెల్లటి నామం పెట్టినట్టు ఉండేది. ఆ కూర రుచి చెప్పాలంటే ఈ వ్యాసం చాలదు, పైగా నాకు మళ్ళీ కోపం వస్తుంది, కనుక వదిలేస్తున్నాను. ఆ విత్తనం ఆవిడ పుట్టింటిది. కాపురానికి వస్తూ కొంగున ముడేసుకుని తెచ్చుకున్నారట. ఆ పుట్టిల్లు అప్పనపల్లి దాటి ఏటి ఒడ్డున ఉండేది. ఏడాదికింత ఏడాదికింత అని గోదావరి ఒడ్డు కోసుకుంటూ వచ్చి ముందు పెరడూ తర్వాత ఇల్లూ తీసుకుపోయింది. అక్కడివాళ్ళు తలోదిక్కూ పోయారు. కనుక ఆ చిక్కుడు మా పందిరి మీద తప్ప భూమ్మీద ఇంకెక్కడైనా ఉందో లేదో ఆవిడకు తెలియదు. ఏటా నాలుగు తీగల కాయలు ఎండనిచ్చి, గింజలు వొలిచి, బూడిద కలిపి చిన్న కుండలో పోసి, కుండ మూతికి గుడ్డ కట్టి వంటింటి అటక మీద పెట్టేవారు. ఆ కుండను దించే హక్కు ఇంట్లో ఆవిడ ఒక్కరికే ఉండేది.

ఇక నా ఘనకార్యం. పెళ్ళయిన రెండో ఏడు వేసవి చివర్లో పుట్టింటినుంచి వస్తూ దారిలో ఒక పీచు మిల్లు దగ్గర ఆగాను. మీకు గుర్తుండే ఉంటుంది, కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తీసేశాక మిగిలే గోధుమరంగు పొట్టు అప్పట్లో మిల్లుల పక్క కొండల్లా పడుండేది. ఏళ్ళ తరబడి వానకు నాని నల్లబడి మెత్తగా ఉంటుంది, చేత్తో పిండితే నీళ్ళు కారతాయి. అది చూడగానే నాలోని కొట్టుమనిషి లేచి కూర్చుంది. పెరటి మడుల మీద పరిస్తే వారానికోసారి నీళ్ళు పోసినా చాలుననిపించింది. మిల్లు గుమాస్తా బండికింతని ధర చెప్పాడు. నేను నవ్వి, వెనక్కి తిరిగి, ఆ గుట్ట రోడ్డు మీదకు ఎంత దూరం జారిందో తీరిగ్గా చూశాను. పంచాయతీవాళ్ళు ఏమీ అనట్లేదాండీ అని అడిగాను. అతని మొహం మారింది. ఆ తర్వాత పావుగంటలో ధర పోయింది, బండి కిరాయి వాళ్ళదయింది, దింపే మనుషులు వాళ్ళవాళ్ళే అయ్యారు, పైన ఒక చుట్ట కొబ్బరితాడు కూడా నా చేతికొచ్చింది.

"అమ్మగారూ, ఇంకాస్సేపుంటే మిల్లు కూడా రాయించుకునేలాగున్నారండి!" అన్నాడు గుమాస్తా. ఆ మాట నేను ఇంటికొచ్చి ఎంతమందికి చెప్పుకున్నానో.

ఆరు బళ్ళ పొట్టు దిగింది. అత్తగారు వచ్చి, ఒక గుప్పెడు తీసి పిండి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "పాదులో ఇంత తడి నిలవుంటే పురుగు చేరుతుందేమో అమ్మాయ్" అన్నారు. ఒక్కసారే అన్నారు. నేను వచ్చిన ఖాతాదారుకు సరుకు అంటగట్టినట్టు ఆవిడకు ఆ పొట్టు గొప్పతనం అంటగట్టాను. తడి నిలుస్తుందన్నాను, కలుపు రాదన్నాను, నీళ్ళు మోసే పని తప్పి మీ నడుం నొప్పి తగ్గుతుందన్నాను. ఆ నడుం మాటకు ఆవిడ మెత్తబడ్డారు. కొనేవాడి మెత్తని చోటు ఎక్కడో చూసి అక్కడ నొక్కమని నాకు నేర్పారు మరి. చిక్కుడు పాదుల చుట్టూ జానెడు మందాన పరిపించాను.

ఆషాఢంలో మంచి వాన పడ్డాక ఆవిడ కుండ దించి గింజలు పెట్టారు. అయిదో రోజుకు మొలక రావాలి, రాలేదు. ఎనిమిదో రోజున పొట్టు పక్కకు లాగి చూశాను. గోధుమరంగు పొట్టులో అదే రంగు రోకలిబండలు, సన్నవీ లావువీ, వేలకు వేలు, ఒకదాని మీద ఒకటి కదులుతున్నాయి. గింజలు ఉబ్బి మెత్తబడ్డాక లోపలి పప్పు తినేసి తొక్కలు వదిలేశాయి. ఒకటీ అరా మొలక లేచినా నేలకు తగిలే చోట కాడ కొరికేసి ఉంది. కుళ్ళిన చెత్త తిని బతికే పురుగులకు నేను ఆరు బళ్ళ భోజనం, అదీ బేరమాడి, రవాణా ఖర్చు లేకుండా తెచ్చి పరిచాను. అవి పెరిగి పెరిగి, తిండి చాలక, మధ్యలో నాలుగు రోజులు ఎండ కాస్తే తడి కోసం, కిందనున్న మెత్తని గింజల మీద పడ్డాయి.

అప్పుడైనా ఆ పొట్టు తీసెయ్యాలని నాకు తట్టలేదు. తీసేస్తే నేను గెలిచిన బేరం ఓడినట్టు కదా! దీనికి మందు ఉంది అన్నాను. మా పాలేరును అంబాజీపేట పంపాను, చీటీ రాసిచ్చి. ఆ చీటీలో "రోకలిబండలకు పొడి ఇవ్వవలెను" అని మాత్రం రాశాను. నా పేరు రాయలేదు, ఏ ఊరినుంచో రాయలేదు, అక్షరం పోల్చకుండా ఎడంచేత్తో రాశాను. మనిషిని కూడా, ఎవరింటివాడివని అడిగితే చెప్పొద్దని గట్టిగా హెచ్చరించి మరీ పంపాను. ఎందుకంటే ఆ పొట్టు బేరం సంగతి పుట్టింట్లో అప్పటికే నా నోటితో చాటుకున్నాను. నాన్నగారు దాన్ని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పి మురిసిపోతున్నారు. అలాంటి బేరం ఇలా తగలడిందని ఆయనకు తెలిస్తే నా పరువు ఏం కావాలి? పాలేరు రెండు పెద్ద పొట్లాలు తెచ్చాడు. "పెద్దాయన చాలా మంచోరండి, ఎక్కువ ఏస్కోమన్నారండి, ఏం మిగలవన్నారండి" అని కూడా చెప్పాడు.

పొడి చల్లాను. అత్తగారు రెండో విడత గింజలు పెట్టారు. నాలుగు రోజుల్లో పెరట్లో వానపాములు చచ్చి తెల్లగా పైకి తేలాయి. కోళ్ళను వాటి జోలికి పోకుండా గంపల కింద మూసిపెట్టుకోవాల్సి వచ్చింది. రోకలిబండలు మాత్రం జానెడు పొట్టు కింద చల్లగా ఉన్నాయి. పైన చల్లిన పొడి ఒక్క వానకు కాలవలోకి పోయింది. రెండో విడత గింజలకు కూడా తొక్కలే మిగిలాయి. ఆ రోజు అత్తగారు కుండ దించి, గింజలు చాట మీద పోసి లెక్కపెట్టి, మళ్ళీ కుండలో పోసి, వీధరుగు మీద కూర్చున్నారు. ఇరవైమూడు గింజలు. ఆవిడ నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అని ఉంటే బేరమాడుకుని ఎలాగో ఒక దారికి తెచ్చుకునేదాన్ని. అంత నిశ్శబ్దానికి ఎదురుధర ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

శ్రావణంలో నోముకు పుట్టింటికి వెళ్ళినప్పుడు, ఇక దాచి లాభం లేదని, కొట్లో నాన్నగారికి అంతా చెప్పాను. మీ పొడి పనిచెయ్యలేదు నాన్నగారూ, వేరే ఏమైనా ఉంటే ఇవ్వండి అన్నాను. ఆయన ముందు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ముద్దుగా, కూతురు తప్పటడుగు వేస్తే నవ్వినట్టు నవ్వారు.

"మన ఇంటికని చెప్పాలి కదే పిచ్చిదానా! మనింటికని తెలిస్తే ఆ పొడి ఇస్తానా?"

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక, అంటే అది పనిచెయ్యదని మీకు తెలుసా అన్నాను.

"రోకలిబండలకా? అది ఆకుపురుక్కి కాస్తో కూస్తో పనిచేస్తుంది. చెత్తలో దూరే వాటికేం చేస్తుంది? మడి శుభ్రం చేసి ఎండబెట్టుకోవాలి, అంతే. మీ అత్తగారికి తెలీదా ఏంటి?"

"మరి వచ్చినవాళ్ళకి ఆ మాటే చెప్పొచ్చుగా?"

"చెత్త తీసుకోండని చెప్పి పంపితే వాడు నా కొట్లో ఏం కొంటాడే? ఉత్తచేతుల్తో దిగినవాడు మళ్ళీ ఈ మెట్టెక్కుతాడా? నేనివ్వకపోతే ఎదురుకొట్టువాడు ఇస్తాడు. వాడు తూకంలో కూడా కొడతాడు."

అప్పుడు కొట్లో ఇద్దరు ముగ్గురు రైతులు ఉన్నారు. ఆయన గొంతు తగ్గించి చెబుతుంటే నేను పెంచాను. ఆ రోజు నేను అన్న మాటలు కూతుళ్ళు తండ్రుల్ని అనేవి కావు. మీరు తూకంలో తేడా చెయ్యరు నిజమే, సున్నను సరిగ్గా తూచి ఇస్తారు అన్నాను. అమ్మ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. అన్నం తినకుండా, నోము వాయనాలు పుచ్చుకోకుండా, ఎండన పడి బస్సెక్కాను. నాన్నగారు మెట్టు దిగి, "ఆగవే, ఎండెక్కింది, గొడుగైనా పట్టుకెళ్ళు" అన్నారు. ఆగలేదు. బస్సులో ఊరు దాటేవరకూ పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. నా కోపమంతా ఆయన మాకు అబద్ధం అమ్మినందుకని అనుకున్నాను. అది కాదు. ఇల్లు మనదని తెలిస్తే అమ్మరు, మనది కాకపోతే అమ్ముతారు. ఇన్నేళ్ళూ ఆ బల్లకు ఆయన పక్కన కూర్చుని ప్రపంచాన్ని చూసిన నాకు, మొదటిసారి అవతలివైపు నిలబడితే అది ఎలా ఉంటుందో తెలిసింది.

ఇంటికొచ్చి అత్తగారికి చీటీ సంగతితో సహా అన్నీ చెప్పాను. ఆవిడ విని, కొంగుతో మొహం తుడుచుకుని, "సరే, లే. పార పట్టుకో" అన్నారు.

ఆ తర్వాత నెల రోజులు ఆవిడ చేయించిన పని నాకు ఇప్పటికీ వేళ్ళ కొసల్లో ఉంది. పొట్టంతా గంపలకెత్తి, పెరటికి దూరంగా, కొబ్బరి చెట్ల మొదళ్ళలో పోశాం. అక్కడైతే వాటి తిండి అవి తింటాయి, చెట్టుకూ మంచిదే. "అవి చెడ్డవి కావే. చెత్త తినే జీవాలు. చెత్త నువ్వు తెచ్చావు, అవి వచ్చాయి" అన్నారు ఆవిడ. అంతకంటే పెద్ద తిట్టు నన్ను ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు. పొట్టు ఎత్తేసిన మడిని తవ్వించి, వాన లేని రోజు చూసి బెడ్డలు తిరగేసి ఎండబెట్టించారు. నీళ్ళు పొయ్యాల్సి వస్తే ఉదయమే, పొద్దు వాలేసరికి పైమన్ను పొడిగా ఉండాలి. ముదిరిన దోసకాయల ముక్కలు, కంద చెక్కులు మడి అంచుల్లో అక్కడక్కడ పెట్టి పైన తడిపిన గోనెలు కప్పేవాళ్ళం. తెల్లవారుతూనే గోనె ఎత్తితే చాలు, ముక్కల చుట్టూ చుట్టలు చుట్టలుగా ఉండేవి. చీపురుతో చాటలోకి ఊడ్చి ఉప్పునీళ్ళ బకెట్లో పొయ్యడం నా వంతు. మొదటిరోజు ఒక్కో గోనె కింద రెండేసి దోసిళ్ళు. నా వేళ్ళకు పట్టిన ఆ పసుపు మరక, ఆ కంపు, ఎన్నిసార్లు కుంకుడురసంతో తోమినా పోలేదు. పదిరోజులకు ఒక్కో గోనె కింద గుప్పెడయ్యాయి. ఇరవై రోజులకు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

గింజల్ని మాత్రం నేలలో పెట్టలేదు. కొబ్బరి డొక్కల్లో మెత్తని మన్ను పోసి, డొక్కకొక గింజ పెట్టి, అరుగు మీద వరసగా పేర్చారు. మొలిచి, నాలుగాకులు వేసి, కాడ గట్టిపడ్డాక డొక్కతో సహా పాదులో దింపి చుట్టూ పొయ్యిబూడిద పోశారు. ఇరవైమూడింట్లో పదహారు మొలిచాయి. నాటినవాటిలో తొమ్మిది పందిరి అందుకున్నాయి. అదను దాటిపోయిన పైరు కదా, పూత వస్తుందో రాదోనని ఆవిడ పొద్దున్నా సాయంత్రం పందిరి కింద నిలబడి పైకి చూస్తుంటే, నేను వంటింటి కిటికీలోంచి ఆవిడ మెడ చూసేదాన్ని. మార్గశిరంలో పూత పట్టింది.

కాయలు దిగుతున్న రోజుల్లో నాన్నగారు వచ్చారు. నేను ఆ నాలుగు నెలలూ పుట్టింటి గడప తొక్కలేదు, ఉత్తరానికి జవాబివ్వలేదు. ఆయనే ఒక గంప బత్తాయిలు పట్టుకుని, కండువా సర్దుకుంటూ, పిలవని పెళ్ళికొచ్చినవాడిలా గుమ్మంలో నిలబడ్డారు. అత్తగారు కాళ్ళకు నీళ్ళిచ్చి, ఎప్పటిలాగే ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, వంకాయ కూరా పప్పుచారూ వండి విస్తరి వేశారు. ఆయన తింటూ పెరటి వైపు చూశారు. పందిరంతా గుత్తులు గుత్తులుగా కాయలు, ఆ ఎర్రంచులు ఎండకు మెరుస్తున్నాయి. ఆయనకు ఆ కూర ఎంతిష్టమో మా అందరికీ తెలుసు. అంతకుముందు ఏడు రెండు సార్లు మారు వడ్డించుకున్నారు.

"అక్కయ్యగారూ, చిక్కుళ్ళు బాగా దిగినట్టున్నాయే. ఇవేళ చెయ్యలేదా అండి?"

"ఈ ఏడు కొయ్యట్లేదు అన్నయ్యగారూ. ఒక్క కాయ కూడా కొయ్యలేదు. అంతా విత్తనానికే వదిలేశానండి. ఇరవైమూడే మిగిలేయి మరి."

ఆవిడ ఎత్తిపొడవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, మజ్జిగ పోసుకుంటారా అని అడిగారు. నాన్నగారు తలవంచుకుని ముద్ద కలుపుతూ ఉండిపోయారు. చాలాసేపు కలిపారు. చెయ్యి కడుక్కుని లేచేటప్పుడు నా వైపు చూశారు గానీ నేను గుంజకు ఆనుకుని అటు తిరిగి నిలబడ్డాను.  ఆ సాయంత్రం వెళ్ళిపోయారు. తర్వాత నేను వెళ్ళినప్పుడు చూస్తే గుమ్మం పక్క పొడి బస్తా కనపడలేదు. వెనకగదిలోకి మార్పించారట. అడిగినవాళ్ళకు అక్కణ్ణించి తెచ్చి ఇస్తున్నారని కొట్టు గుమాస్తా చెప్పాడు. కొట్టు ఎత్తేసేవరకూ ఇచ్చారు. మళ్ళీ మాట్లాడుకున్నాం, నవ్వుకున్నాం, ఆయన చివరి రోజుల్లో నేనే దగ్గరుండి చేశాను. ఆ పొడి మాట మాత్రం మా ఇద్దరి మధ్యా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆ తొమ్మిది తీగల గింజలే ఇవాళ్టికీ మా ఇంటి పెరట్లో పాకుతున్నాయి. అత్తగారు పోయాక కుండ నాకొచ్చింది. ఎవరడిగినా గుప్పెడు ఇస్తాను, ఏమీ పుచ్చుకోను. నా జీవితంలో నేను బేరం పెట్టని సరుకు అదొక్కటే.

మంచి మాటే చెప్పుకున్నాను కదా, ఇక్కడ ఆపేస్తే బాగుండును. కానీ మొన్న కొట్టు ముందు అంత గొంతు చించుకున్నదాన్ని, చెప్పవలసింది ఒకటి మిగిలిపోయింది. నాకు పెళ్ళి కాకముందు ఒక వానాకాలం, నాన్నగారు భోజనానికి వెళ్ళిన వేళ, గోదావరి మధ్య లంకలనుంచి ఒకావిడ వచ్చింది. చిక్కుడు మొలకల్ని రోకలిబండలు కొరికేస్తున్నాయంటే నేనే డబ్బాతో కొలిచి, చక్కగా పొట్లం కట్టి ఇచ్చాను. పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది. మోకాళ్ళదాకా బురద, పడవ దిగి నడిచొచ్చినట్టుంది. కోప్పడటానికి రాలేదు. మొక్క ఒక్కటి మిగల్లేదమ్మా, నేనే సరిగా ఎయ్యలేదేమోనమ్మా అని అడిగింది. మా ఇంటి బీరపాదుకు అవే పురుగులు పడితే మా అమ్మ కొట్లోంచి ఏనాడూ ఆ పొడి తెప్పించలేదని అప్పటికి నాకు తెలుసు. ఎందుకు తెప్పించదని అడగలేదు, అంతే.

అయ్యుంటుందండి అన్నాను.

"ఆయ్, అయ్యుంటుందమ్మా" అని ఇంకో పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు అలా ఎవరూ రారు. మందు పనిచెయ్యకపోతే ఇంకో కంపెనీది కొనుక్కుంటారు, అదీ కాకపోతే ఇంకొకటి. వచ్చి అడిగినా ఆ కొట్టాయనకు నిజంగా తెలియదు, అతని మీద అరిచి ఏం లాభం? పొట్లం కట్టేవాడికీ విప్పేవాడికీ మధ్య ఎన్ని ఊళ్ళున్నాయో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో బల్లకు ఇవతల ఒక మనిషి నిలబడి, కళ్ళలోకి చూసి, తప్పు నాదేనా అని అడిగేది. బల్లకు అవతల తెలిసిన మనిషి ఒకరు కూర్చుని ఉండేవారు. ఆ పూట అక్కడ కూర్చున్నది నేనే.